విమానం రెక్కకు పెడన గుడ్డ

మా ఆయన విమానాల మెకానిక్ అంటే మా వాళ్ళలో సగం మంది నమ్మలేదు. నమ్మిన సగం మందీ, అయితే ఒకసారి మమ్మల్ని ఎక్కించమని చెప్పవే అంటూ నా ప్రాణం తీశారు. ఆయనది గుడివాడ దగ్గర పల్లెటూరు. మిషన్ బడిలో చదువుకుని, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వైమానిక దళంలో చేరి, పని నేర్చుకుని, బాగుచేసిన విమానం ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే లైసెన్సు సంపాదించారు. నాది కోడూరు పక్క ఊరు. పెళ్ళయ్యాక బందరులో కాపురం, మాకొక చిన్నపిల్ల. అక్కడే ఆడపిల్లల బడిలో కుట్టుపని టీచరుగా ఉండేదాన్ని. నా కుట్టుకి వంక పెట్టినవాళ్ళు బందరులో లేరు. గొప్పకు చెప్పుకోవడం కాదు, ఉన్నమాట. సరే, గొప్పకే అనుకోండి.

అరవైల మొదట్లో సంగతి ఇది. చేలమీద పురుగుమందు చల్లే కంపెనీ ఒకటి ఈయన్ని పనిలో పెట్టుకుంది. బందరు ఊరి చివర మైదానంలో పెద్ద తాటాకుల పాక వేసి అందులో విమానాన్ని ఉంచారు. దాన్ని చూసి నేను మొదటిరోజే నవ్వాను. యుద్ధం నాటి పాతది. కిందొక జత, పైనొక జత రెక్కలు. లోపల చెక్క బద్దలు, పైన గుడ్డ. నిజంగా గుడ్డే. రెక్కకి గుడ్డ తొడిగి కుట్టి, దానిమీద డోప్ అనే వార్నిష్ లాంటి మందు పూస్తారు. అది నూలులోకి ఇంకి, ఆరేకొద్దీ గుడ్డని డప్పులా బిగిస్తుంది. ఆ బిగువు మీదే విమానం గాల్లో నిలుస్తుంది. "ఇంతోటి దానికి నా లంగా గుడ్డ చాలుగా" అన్నాను. ఆయన నవ్వలేదు. విమానం విషయంలో ఆయన దగ్గర వేళాకోళం పనికిరాదు.

దాన్ని తయారుచేసినవాళ్ళు తయారీ మానేసి చాలా ఏళ్ళయింది. చిన్న బోల్టు కావాలన్నా మద్రాసుకి రాయాలి, అక్కడ లేకపోతే కలకత్తాకి. అక్కడా లేకపోతే దిగుమతి లైసెన్సు కోసం ఢిల్లీ. ఈలోగా పురుగు ఆగుతుందా? అందుకని ఈయన ఎక్కడ పాత ఇనుప సామాను కనిపించినా ఆగిపోయేవారు. కూరలకని బజారుకి పంపిస్తే, కూరలు మర్చిపోయి సంచిలో తుప్పు పట్టిన స్ప్రింగులు వేసుకొచ్చేవారు. ఆ పూట పచ్చడి మెతుకులే.

ఆ ఏడు నాట్లు అయిపోయిన రోజుల్లో, ఎవరిదో గేదె పాకలో దూరి, దురద పుట్టి కింది రెక్కకేసి వీపు రుద్దుకుంది. గుడ్డ అప్పటికే ముదిరిపోయి ఉంది. ఈ చివరినుంచి ఆ చివరిదాకా చిరిగింది. గేదెగారికి మాత్రం ఏమీ కాలేదు. మద్రాసుకి రాస్తే, ఆ రకం నార గుడ్డ ఇంగ్లండు నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేమని జవాబొచ్చింది. కంపెనీ మేనేజరు, విమానాన్ని లారీలో వేసి మద్రాసు పంపేద్దాం, ఈ సీజనుకి ఇంతే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కోతలకు ముందు లద్దెపురుగు పడితే దివిసీమ చేలమీద మందు చల్లడానికి ఉన్నది ఇదొక్కటే విమానం. మా నాన్న చేను అక్కడే, మా ఊరి చేలన్నీ అక్కడే.

ముందు గుడివాడ వెళ్ళాం. స్టేషను వెనక ఒక పాత సామాన్ల వ్యాపారి, యుద్ధం అయ్యాక మిలిటరీ వేలంలో కొన్న సరుకు గుట్టలుగా పోసి ఉంచాడు. ఆ గుట్టలో ఈయనకి విమానం తోకచక్రానికి సరిపడే టైరు ఒకటి దొరికింది. దాన్ని చంటిపిల్లలా ఎత్తుకున్నారు. రెక్కకి పనికొచ్చే గుడ్డ మాత్రం లేదు. పారాచూట్ పట్టు ఉంది గానీ, చెయ్యి వేస్తే పిగిలిపోయింది. అక్కణ్ణించి బట్టల కొట్లమీద పడ్డాం. ఈయన ఒక గుడ్డ తాను తర్వాత ఇంకో తాను విప్పించడం, అంచు పట్టుకుని గుంజడం, వెలుగుకి ఎత్తి చూడడం. కొట్టాయన ఓపిగ్గా అడిగాడు.

"పెళ్ళికాండీ?"

"కాదండీ. విమానానికి."

కొట్టాయన నావైపు చూశాడు, పాపం ఎన్నాళ్ళనుంచమ్మా ఇలా అన్నట్టు.

తిరుగు రైల్లో ఈయన కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నారు. రైలు పెడనలో ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఒకతను చీరల మూట దింపుకుంటున్నాడు. అది చూసి నేను లేచాను.

"దిగండి."

"బందరు రాలేదుగా?"

"గుడ్డ నేసేవాళ్ళ ఊరు పక్కనే పెట్టుకుని, గుడ్డ లేదని ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాం. దిగండి ముందు."

మాకు దొరికిన నేతాయన పెద్దవాడు, నిదానస్తుడు. ఈయన పాత రెక్కగుడ్డ ముక్క చేతికిస్తే, ఒక పోగు లాగి వేలికి చుట్టి చూశాడు.

"నేయొచ్చండీ. అంచు ఎంత పెట్టమంటారు?"

"అంచు వద్దండీ" అన్నారు మా ఆయన.

"అంచు లేకపోతే చీరకి అందమేముందండీ?"

"చీర కాదు బాబాయ్, విమానం రెక్కకి" అన్నాను నేను.

ఆయన ముక్కని ఇంకోసారి తిప్పి చూశాడు. "ఎవరు కట్టుకుంటే ఏంలే అమ్మా. చిరక్కూడదు, అంతేగా?"

నేశాక గుడ్డకి గంజి పెట్టొద్దని ఈయన ఒకటికి రెండుసార్లు చెప్పారు. గంజి ఉంటే డోప్ నూలులోకి ఇంకదు. నేతాయన తల ఊపాడు. గుడ్డ చేతికి రాగానే మా ఆయన అంగుళం వెడల్పు పీలిక కత్తిరించి, పాక దూలానికి కట్టి, దానికి బియ్యం మూట వేలాడదీశారు. పీలిక తెగలేదు. ఇంకో ముక్క మద్రాసులో విమానాల తనిఖీ అధికారికి పంపితే, ఆయనా లాగి చూసుకుని సరిపోతుందన్నాడు. మాకు కావలసిన దానికి రెట్టింపు గుడ్డ వచ్చింది. నిలువు పోగుల పడుగు ఒకసారి మగ్గానికి ఎక్కించాక చివరిదాకా నేయాల్సిందేనట, సగంలో కోయడం వాళ్ళ ఇంటా వంటా లేదట.

కుట్టు నాది. ముక్కల్ని మిషనుమీద మడత కుట్టుతో అతికి, దిండు గలీబులా రెక్కకి తొడిగాం. తర్వాత రెక్క పైనుంచి కిందికి సూది దింపి, లోపలి ప్రతి బద్ద చుట్టూ దారం బిగించి ముడి వేయాలి. అంత పొడుగు సూది ఎక్కడ దొరుకుతుంది? చిలకలపూడిలో గిల్టు నగలు చేసే ఆయన సైకిల్ చక్రం చువ్వని సానబట్టి, బెజ్జం వేసి ఇచ్చాడు. దారం జాలరుల దగ్గర కొన్న వల దారం, మైనం రుద్దింది. రెక్కకి పైన నేను, కింద ఆయన. నేను సూది దింపితే ఆయన లాగి, మళ్ళీ పైకి పంపేవారు. మా కాపురంలో అంతసేపు పోట్లాడుకోకుండా ఉన్నది అప్పుడే. మేనేజరు వచ్చి చూసి "ఇది జాకెట్టు కాదమ్మా" అన్నాడు.

"జాకెట్టయితే ఇంతకన్నా కష్టం లెండి. అది మనుషులకి నచ్చాలి" అన్నాను.

డోప్ పూశారు. అది ఆరాక ఈయన వేలితో తట్టారు. డప్పులా మోగాల్సింది, దిండుమీద కొట్టినట్టు చప్పుడే లేదు. అక్కడక్కడ డోప్ పొరలు పొరలుగా లేచి ఉంది. పైలట్ గారు మద్రాసు నుంచి వచ్చిన మనిషి. ఒక పొర గోటితో ఊడదీసి, ఈయన చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఈయన పాక బయట కూలబడ్డారు. నాకు ఏడుపు రావాలి గానీ, కోపం ముందొచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం.

ఆ వారమే మా నాన్న కోడూరులో బస్సెక్కి, బందరులో దిగి, తిన్నగా పాక దగ్గరికి వచ్చాడు. తువ్వాలు విప్పి వరి కంకులు బల్లమీద పోశాడు. అన్నీ మెడ దగ్గర కత్తిరించినట్టు ఉన్నాయి.

"లద్దెపురుగమ్మా. పొద్దున్నే వెళ్ళి చూస్తే చేలో కింద ఇవే. పడమటి చేలు అయిపోయినాయి. కాలవకి ఇవతల బోదెలు తీసి, నీళ్ళు పెట్టి ఆపుతున్నాం గానీ, ఎన్నాళ్ళని ఆగుతుంది?" తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అడిగాడు. "మీ విమానం లేస్తుందా, లేదా? లేవదంటే చెప్పెయ్. పచ్చిమీదే కోసేసుకుంటాం. గడ్డి అయినా దక్కుద్ది."

మా నాన్న నన్ను ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. "కోయొద్దు నాన్నా, ఆగండి" అనేశాను. ఏ ధైర్యంతో అన్నానో దేవుడికే తెలియాలి. ఊరు ఊరంతా నా మాటమీద పంట నిలబెట్టుకుని కూర్చుంటుందని నాన్న బస్సెక్కాక గానీ నాకు తెలిసి రాలేదు. 

మిగిలిపోయిన గుడ్డ ముందేసుకుని కూర్చున్నాను. కుట్టేవాళ్ళకి దారం కొరికే అలవాటు ఉంటుంది. ఊరికే ఒక పోగు లాగి కొరికాను. నాలికమీద జిగురు. ఇంకో పోగు కొరికాను. గంజి.

గుడ్డంతా మూటగట్టుకుని పెడన వెళ్ళాను. కయ్యానికే వెళ్ళాను. నేతాయన మొహం చిన్నబోయింది.

"నేశాక పెట్టొద్దన్నారు, పెట్టలేదమ్మా. పడుగుకి పట్టించకపోతే పోగు మగ్గం మీద నిలవదు కదా."

నిజమే. మగ్గం మీద తెగకుండా పడుగు నూలుకి గంజి పట్టించాకే ఎవరైనా నేస్తారు. అన్నం వండేవాళ్ళు ఎసట్లో నీళ్ళు పోశానని ప్రత్యేకం చెబుతారా? ఆయనకి అది చెప్పవలసిన సంగతే కాదు. విమానాలు తెలిసిన మా ఆయనకి మగ్గం సంగతి అడగాలని తట్టలేదు. నా కోపం కాస్తా చల్లారిపోయింది.

ఆయన ఇంటి అరుగుమీద కూర్చుని మంచినీళ్ళు తాగుతుంటే, వీధి చివర కాలవలో అద్దకం వాళ్ళు గుడ్డలు జాడిస్తూ కనిపించారు. పెడనలో అది రోజూ జరిగే పనే. దుప్పట్లమీద అచ్చులు అద్దబోయే ముందు, గుడ్డలో గంజి పిసరు లేకుండా పేడనీళ్ళలో నానేసి, ఉతికి, ఉడకేస్తారు. లేకపోతే రంగు పట్టదు. రంగు పట్టే గుడ్డకి డోప్ పట్టదా? గ్లాసు అక్కడ పెట్టేసి మూటతో కాలవ దగ్గరికి నడిచాను. ఆ పని అయ్యేదాకా పెడన వదల్లేదు. బండకేసి బాదొద్దు, పిండొద్దు, నూలు నలగకూడదు అంటూ గట్టుమీద నిలబడి వాళ్ళని కాల్చుకు తిన్నాను.

"ఏం పెళ్ళికూతురండీ బాబూ ఈ గుడ్డ" అన్నాడు ఒకతను.

ఆరాక పోగు కొరికితే ఉత్త నూలు. పాకలో మళ్ళీ పీలిక, మళ్ళీ బియ్యం మూట. ఈసారీ పీలిక ఆగింది. బడికి సెలవు పెట్టి, పాడైన గుడ్డ ఊడదీసి, మళ్ళీ మొదటినుంచి కుట్టాం. వేళ్ళు పుళ్ళు పడ్డాయి. డోప్ పూసి, ఆరాక, ఈయన వేలితో తట్టారు. మోగింది.

"ఏమోయ్, విన్నావా?" అన్నారు.

విన్నాను. అయినా ఇంకోసారి తట్టమన్నాను.

పైలట్ గారు రెక్కంతా తడిమి చూశారు. "బాగానే ఉంది. కానీ మొన్న ఆ పొరలు నా గోటితో నేనే ఊడదీశాను. మాలో ఒక పద్ధతి ఉంది. బాగుచేసిన విమానం మొదటిసారి లేచేటప్పుడు, బాగుచేసిన మనిషి ముందు సీట్లో కూర్చోవాలి. అలా అయితేనే తీస్తాను" అన్నారు. న్యాయమైన మాటే. పురుగుమందు డబ్బా దించి ఆ చోట సీటు బిగించారు. మా ఆయన కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టారు.

"సంతకం పెట్టింది మీరు. కుట్టింది నేను" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా? పిల్ల సంగతేంటి?"

"పిల్లకి మీరున్నారుగా. ఇప్పుడు ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే కదండీ. నా కుట్టుమీద మిమ్మల్ని పంపించి నేను కింద నిలబడలేను."

 ఆయన గాలి తగలకుండా పెట్టుకున్న తన కళ్ళద్దాలు తీసి నాకు పెట్టి, వెనక పట్టీ బిగించారు. 

నాకు భయం వేయలేదంటే అబద్ధం. ప్రార్థన చేయబోతే సగంలో మాటలు మర్చిపోయాను. చీర కుచ్చిళ్ళు కాళ్ళ మధ్య గట్టిగా దోపుకుని ఎక్కాను. ఇంజను మోతకి పళ్ళు అదిరాయి. మైదానం చివర ఎగుడుదిగుడు కుదుపులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. నేల వదిలేశామని అలా తెలిసింది. చెరువుమీద కాకిలా ఊరిమీద చుట్లు తిరిగి దిగాం. దిగాక పైలట్ గారు తిన్నగా మా ఆయన దగ్గరికి వెళ్ళి "మందు నింపించండి" అన్నారు.

మర్నాడు పొద్దున్నే, చేలమీద మంచు ఆరకముందే విమానం కోడూరు వైపు వెళ్ళింది. పడమటి చేలు ఎలాగూ పోయాయి, వాటిని ఎవరూ తేలేరు. కాలవకి ఇవతలి చేలన్నీ దక్కాయి. కోతలయ్యాక మా నాన్న కొత్త బియ్యం తెచ్చి గుమ్మంలో దింపి, "మీ నేతాయనక్కూడా పంపించు" అన్నాడు. మేనేజరు ఆ తర్వాత నన్ను టీచరుగారూ అని పిలిచేవాడు.

అప్పట్లో మనవైపు ఆడవాళ్ళలో విమానం ఎక్కినవాళ్ళు ఎవరున్నారు? అందుకే ఇన్నేళ్ళైనా చుట్టాలు నన్ను కూర్చోబెట్టి అడుగుతారు, పైనుంచి బందరు ఎలా ఉంది, సముద్రం ఎలా ఉంది, దివిసీమకి అటూ ఇటూ కృష్ణ పాయలు కనపడ్డాయా అని. నాకేం తెలుసు? ఎక్కింది మొదలు దిగేదాకా నేను కింది రెక్క మీంచి కళ్ళు తిప్పలేదు. గాలి దాన్ని పీకి పెడుతూనే ఉంది. నా కుట్టు ఒక్కటి కూడా కదల్లేదు.