నలుగురు మాస్టర్లు, ఒక బ్యాండు: మెదక్ పెళ్లికి పోయి రావడం

మెదక్‌కు ఎందుకు బయల్దేరానో ముందే చెబుతాను. మా తమ్ముడు ప్రభుదాసు ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న పెళ్లి బ్యాండును మూసేసి, ముగ్గురు పోటీ మాస్టర్లతో కలిసిపోయానని ఉత్తరం రాశాడు. ఆ ముగ్గురూ వాడి చిన్ననాటి స్నేహితులే. మిషన్ బడి ఆవరణలో నలుగురూ ఒకే పంతులు దగ్గర ఊదడం, కొట్టడం నేర్చుకుంటుంటే, పక్క మెట్ల మీద మెట్రిక్ పరీక్షకు చదువుకోలేక వాళ్లను తిట్టినదాన్ని నేను. పెద్దయ్యాక తలా ఒక బ్యాండు పెట్టుకున్నారు. ఒకరి బేరాలు ఒకరు తన్నుకుపోతూ, ఎప్పుడైనా కలిస్తే మాత్రం ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ బతికారు. ఇప్పుడు నాలుగు బ్యాండ్లూ కలిసి ఒకటే అట. "శనివారం మొదటి పెండ్లి. వీలైతే రా" అని ఉత్తరం చివర ఉంది.

ముగ్గురూ కలిసి మా వాడి బ్యాండును మింగేశారని నాకు వెంటనే అర్థమైపోయింది. నేను హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీలో తర్కశాస్త్రం చెబుతాను. తీర్పు ముందే రాసుకుని సాక్ష్యం కోసం వెతకకూడదని ఏటా పాఠంలో చెబుతాను. అది పిల్లలకు.

శుక్రవారం పదకొండున్నరకు గౌలిగూడలో బస్సెక్కాను. టికెట్టు అయిదు రూపాయల లోపే. ఈ దారిన వెళ్లదలచినవారు కుడివైపు కిటికీ పట్టండి, మధ్యాహ్నం ఎండ అటు తక్కువ. నీళ్లు ఇంటినుంచే తెచ్చుకోండి. మేడ్చల్ దాటేదాకా చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. ముందు సీటులో ఒకాయన నిద్రపోతూ నా బుట్ట మీద రెండుసార్లు వాలాడు, రెండుసార్లూ లేపాను.

ఒంటిగంటకు తూప్రాన్. అక్కడ బస్సులోకి మనిషికంటే ముందు ఒక పెద్ద డ్రమ్ము ఎక్కింది. దాని వెనక ఎర్రకోటు చేతిమీద వేసుకున్న ఒక పొట్టి మనిషి. డ్రమ్మును తెచ్చి సరిగ్గా నా పక్క సీటులో కూర్చోబెట్టాడు.

"మియా, గది పైకెక్కియ్యి" అన్నాడు కండక్టరు.

"ఎండకు తోలు పగుల్తది. కావాలంటే నేను పైన కూసుంట, గిది మాత్రం ఈడనే."

"మనుషులు నిలబడి ఉంటే డ్రమ్ముకు సీటేంది?" అన్నాను నేను.

అతను నా వైపు చూసి నవ్వాడు. "తిట్టే గొంతు ఎక్కడనో విన్నట్టున్నదే అనుకున్న. సలాం అక్కా."

ఖాజామియా, ఆ ముగ్గురు మాస్టర్లలో ఒకడు. నెత్తిన నెరిసిన జుట్టు తప్ప ఏమీ మారలేదు. కండక్టరుకు నా అభ్యంతరం నచ్చింది గాని, వెనక సీటులో ముసలావిడ "కూసోనియ్యి బిడ్డా, అది మాట్లాడదు గద" అనడంతో డ్రమ్ము గెలిచింది. రామాయంపేట దాకా నా భుజానికి ఆనుకునే వచ్చింది.

"నా తమ్ముని బ్యాండు ఎందుకు మూయించిన్రు?" అని అడిగాను, బస్సు కదలగానే.

"మాయి గుడ మూసినం గద అక్కా. దోస్తులం, కలిసి కొట్టుకుందామని."

"ఇరవై ఏండ్ల సంది దోస్తులు కారా? ఇప్పుడే యాదికొచ్చిందా?"

ఖాజా కిటికీలోంచి బయటకు చూశాడు. జొన్నచేలు తప్ప అక్కడ చూడవలసింది ఏమీ లేదు. జవాబు లేనివాడు కిటికీ చూస్తాడు అని మనసులో రాసుకున్నాను.

రామాయంపేటలో బస్సు పది నిమిషాలు అని చెప్పి అరగంట ఆగింది. మెకానిక్ షాపుల పక్కన ఒక బండి మీద మిరపకాయ బజ్జీలు వేడిగా దొరుకుతాయి, తినవచ్చు. టీ మాత్రం తాగకండి. ఇక్కడే ముగ్గురిలో రెండోవాడు, యాదగిరి ఎక్కాడు. చంకలో గుడ్డసంచిలో క్లారినెట్టు, ఒంటిమీద నీలం కోటు, చేతిలో తురాయి పెట్టిన టోపీ. ఎక్కుతూనే ఖాజాతో తగువు మొదలు.

"ముందట నడిచేటోనికే తురాయి. నేను ముందట నడుస్త."

"నీ క్లారినెట్టు ముందట నడుస్తే పది గజాల అవతల ఎవనికి వినొస్తది? డ్రమ్ము ముందట ఉండాలె."

"డ్రమ్ము ముందట పెట్టుకుంటే నీకు తొవ్వ కనపడదు. పోయిన యేడు పెండ్లికొడుకు గుర్రానికి గుద్దుకున్నవ్, మరిసినవా?"

"గుర్రమే నాకు గుద్దుకున్నది."

"నా తమ్ముడు ఏడ నడుస్తడు?" అని నేను అడిగాను. ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు.

"వాడు వెనుక ఉంట అన్నడక్కా" అన్నాడు యాదగిరి, బజ్జీ పొట్లం నా ముందుకు జరుపుతూ. "తిను. మస్తున్నయి."

నేను తినలేదు. నిజం చెప్పాలంటే రెండు తిన్నాను.

మెదక్ చేరేసరికి మూడు కావస్తోంది. చర్చి గోపురం ఊరికంటే ముందే కనిపిస్తుంది, అది చూసి సామాన్లు సర్దుకోవచ్చు. బస ఎక్కడా అంటే, నాకు తమ్ముడి ఇల్లు ఉంది. తమ్ముడు లేనివారికి బస్టాండు దగ్గర ఒక లాడ్జి ఉంది. మంచాలు గట్టివి, దోమతెర ఎవరిది వారు తెచ్చుకోవాలి.

ప్రభుదాసు నా బుట్ట అందుకుని "అక్కా, వస్తవనుకోలే" అన్నాడు. నేను చూసి నాలుగు నెలలే, అంతలో సన్నబడ్డాడు.

అయిదు గంటలకు అభ్యాసం, సామ్సన్ వడ్రంగం షెడ్డులో. ఈ సామ్సన్ నాలుగో మాస్టరు. పగలు తలుపులు చేస్తాడు, పెళ్లిళ్లకు పెద్ద బాకా ఊదుతాడు. తలా ఇద్దరు మనుషుల్ని తెచ్చుకున్నారు. మొత్తం పన్నెండు మంది, నాలుగు రంగుల కోట్లు.

పెళ్లి బ్యాండుకు ఒక పద్ధతి ఉంది, తెలియనివారి కోసం చెబుతాను. ఊరేగింపు చౌరస్తాలో ఆగినప్పుడు ఏ పాటో ఎవరూ నోటితో చెప్పరు. మాస్టరు మొదటి ముక్క ఒక్కడే వాయిస్తాడు. దాన్ని పాట ఎత్తడం అంటారు. అది వినగానే మిగిలినవాళ్లు అందుకుంటారు. ఇరవై ఏళ్లుగా ఎవరి బ్యాండులో వాళ్లు పాట ఎత్తుతూ వచ్చిన మనుషులు వీళ్లు. "ఇగో, చౌరస్తా అనుకోండ్రి" అని సామ్సన్ అన్నాడో లేదో, క్లారినెట్టు ఒక పాట, బాకా ఒక పాట, ఖాజా తన దరువుతో మూడో పాట ఎత్తేశారు. ఎవరి మనుషులు వాళ్ల మాస్టరును అందుకున్నారు. ఒకడు ఆపితే ఓడినట్టే కనుక ముగ్గురూ చివరిదాకా వాయించారు. షెడ్డులో రంపాలు గోడమీద మోగాయి. బయట కట్టేసిన మేక తాడు తెంచుకుంది.

మా వాడు మాత్రం ట్రంపెట్టు ఒళ్లో పెట్టుకుని, పీటమీద కూర్చుని, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు.

మేకను పట్టుకొచ్చాక ఒప్పందం చేసుకున్నారు. రేపటి దారిలో మూడు చౌరస్తాలు. మొదటిది యాదగిరిది, రెండోది సామ్సన్‌ది, మూడోది ఖాజాది.

"నా తమ్మునిది?" అన్నాను.

"నేను వెనుక అందుకుంటక్కా. నాకు గదే మంచిగున్నది" అన్నాడు ప్రభుదాసు.

అంతే, నేను లేచాను. నలభై ఏళ్ల మనుషులని కూడా చూడకుండా అడగవలసినవన్నీ అడిగాను. వీడి బ్యాండు మూయించి, వీడిని వెనక నిలబెట్టి, దాన్ని స్నేహం అంటారా? ఈ జిల్లాలో వీడంత పైస్థాయిలో ట్రంపెట్టు ఊదినవాడు ఉన్నాడా? పెళ్లికూతురి గడప ముందు ఆఖరి పాట అన్నిటికంటే పెద్దది కదా, అది వీడు ఎత్తాలి.

"వద్దక్కా" అన్నాడు ఖాజా మెల్లగా.

"ఎందుకు వద్దు? కారణం చెప్పు."

ఖాజా ప్రభుదాసు వైపు చూశాడు. ప్రభుదాసు కొంచెం తల అడ్డంగా ఊపాడు. అది నేను చూశాను, చూసీ కుట్ర అనుకున్నాను. చివరకు "సరే, గడప పాట నేనే ఎత్తుత" అన్నాడు మా వాడు. సామ్సన్ అప్పుడే వెళ్లి పెళ్లికూతురి తండ్రికి చెప్పి వచ్చాడు. ఆయన కిరాణా సేటు. తన పెళ్లిలో ఊదింది ప్రభుదాసే కనుక చాలా సంతోషించాడట. నేను గెలిచాను. జొన్నరొట్టె, పప్పు తిని హాయిగా పడుకున్నాను. మా వాడు రొట్టెను పప్పులో నానబెట్టుకుని తింటున్నాడని గమనించాను గాని, దాని గురించి వాదించవలసింది ఏమీ కనిపించలేదు.

శనివారం ఉదయం ఆరింటికి చేతిపంపు దగ్గర మా మరదలు సరోజిని బిందె దింపి, చుట్టూ చూసి చెప్పింది.

"వదినె, నీకు చెప్పొద్దన్నడు. నోట్లె పైపండ్లు రెండు కదులుతున్నయి. గట్టిగ ఊదితే నెత్తురొస్తది. పై సురం రాదు. పెద్ద దవాఖానల పండ్లు తీసెయ్యాలె అన్నరు. బ్యాండు అమ్మేస్త, ఇగ ఊద అని నెల దినాలు గోడకు తిరిగి పండుకున్నడు."

"మరి వీళ్లు?"

"ముగ్గురొచ్చిన్రు. నువ్వు మాస్టరుగుంటే పై సురం ఊదాలె, మా నడుమ ఉంటే కింది సురం ఊదొచ్చు, ఎవరికి తెల్వది అన్నరు. వాళ్ల బ్యాండ్లు మూసిన్రు. ఇప్పుడు నువ్వేమో గడప మీద నిలబెడితివి."

బిందె నిండి కాళ్లమీద నీళ్లు పారుతున్నా నేను పంపు కొడుతూనే ఉన్నాను.

తమ్ముడు పెరట్లో కోటు గుండీలు తుడుచుకుంటున్నాడు. "నిన్న నేనన్నది వదిలెయ్. సామ్సన్‌కు ఇచ్చెయ్ ఆ పాట" అన్నాను. నా జీవితంలో వాదన వెనక్కి తీసుకున్నది అదే మొదటిసారి. ఎలా అనాలో కూడా సరిగా తెలియలేదు.

"సేటుకు చెప్పిన్రు గద. ఇప్పుడు వద్దంటే ఎందుకని అడుగుతరు. ఇయ్యాల తెలిస్తే రేపటికి ఊరంత తెలుస్తది. మల్ల నన్నెవ్వరు పిలువరు" అన్నాడు. తర్వాత, నన్ను చూసి జాలిపడ్డాడేమో, "చూద్దాం తియ్యి" అన్నాడు.

ఎనిమిదింపావుకు ఊరేగింపు కదిలింది. నాలుగు రంగుల కోట్లు, నాలుగు తురాయిలు. ముందు ఎవరో తేలక, వెనక ఉంటానన్న మా వాడిని కూడా లాక్కుని నలుగురూ ఒకే వరసలో నడిచారు, వీధి పట్టలేదు. మొదటి చౌరస్తాలో యాదగిరి ఎత్తాడు. అలవాటు కొద్దీ సామ్సన్ కూడా ఇంకొకటి ఎత్తబోతే, ఖాజా డ్రమ్ము పుల్లతో అతని మోచేతిమీద ఒకటిచ్చాడు. రెండో చౌరస్తాలో కుర్రాళ్లు గంతులు వేశారు. మూడోదానిలో ఖాజా దరువు అందుకున్నప్పుడు సేటు బంధువుల్లో లావుపాటి ఆయన ఒకడు చెప్పులు విడిచి మరీ ఆడాడు. నాలుగు బ్యాండ్ల బలం ఒక్కచోట వినడం ఎట్లా ఉంటుందంటే, కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి, కడుపులో పేగులు లెక్కపెట్టుకోవచ్చు. వేరే రోజైతే నేనూ ఆనందించేదాన్ని. ఆ రోజు ప్రతి పాటా నన్ను గడపకు దగ్గర చేసింది.

తొమ్మిదింపావుకు పెళ్లికూతురి ఇల్లు. ఆడవాళ్లు హారతి పళ్లెంతో గడపలో నిలబడ్డారు. సేటు చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నాడు. "మా ప్రభుదాసు ఎత్తుతడు, ఇనుండ్రి."

మా వాడు ట్రంపెట్టు పెదవులకు ఆనించాడు. గాలి వచ్చింది, సురం రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. రెండోసారి ఆనించినప్పుడు వాడి కనురెప్పలు గట్టిగా మూసుకోవడం చూశాను. నేను ఏదో అనడానికి నోరు తెరిచాను. సరోజిని నా మణికట్టు పట్టుకుంది.

అప్పుడు వచ్చింది. ఊళ్లో అందరూ గంతులు వేసే సినిమా పాటే. కానీ అట్టడుగు స్థాయిలో, మెల్లగా, ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చింది. పళ్లమీద బరువు పడకుండా ఎంత ఊదగలడో అంతే ఊదాడు. ఒక క్షణం మిగతావాళ్లు ఎలా అందుకోవాలో తెలియక నిలబడ్డారు. ఖాజా పుల్ల నడుముకు దోపుకుని, డ్రమ్ము మీద వేళ్లతో దరువు మొదలుపెట్టాడు. యాదగిరి ఎప్పుడూ పైకి ఎగిరే క్లారినెట్టును తెచ్చి ట్రంపెట్టు కింద పరిచాడు. సామ్సన్ ఒకే సురం పట్టుకుని నిలబడ్డాడు. నలుగురు మాస్టర్లలో ఒక్కడూ పెద్దగా వినబడాలనుకోని పాట అది. నవ్వినవాడు ఎవడో మళ్లీ నవ్వలేదు. హారతి పళ్లెం పట్టుకున్నావిడ పళ్లెం తిప్పడం మరిచి నిలబడింది, కర్పూరం సగం అయిపోయింది.

పాట ఆగాక సేటు ముందుకొచ్చాడు. మా వాడు తలవంచుకున్నాడు.

"ప్రభుదాసూ, మల్ల గదే. గట్లనే, మెల్లగ. బిడ్డ లోపల ఇంటున్నది."

మళ్లీ వాయించారు. ఊరేగింపులో వచ్చిన రామాయంపేట వాళ్లు ఇద్దరు భోజనాల దగ్గర యాదగిరిని పట్టుకుని, మా పెండ్లిలో గడప కాడ గట్లనే వాయించాలె, ఆ ట్రంపెట్టాయన ఉండాలె అని అడిగారు. యాదగిరి టోపీలోంచి తురాయి పీకి మా వాడి జేబులో దోపాడు. మా వాడు దాన్ని తీసి ఖాజా చెవిలో దోపాడు. దాని మీద మళ్లీ తగువు.

రెండున్నర బస్సుకు బయల్దేరాను. రామాయంపేటలో యాదగిరి దిగిపోయాడు. డ్రమ్ము నా పక్కనే కూర్చుంది. కొత్త కండక్టరు వచ్చి "గిదేందమ్మా, సీటు మీద?" అన్నాడు.

"ఎండకు తోలు పగుల్తది. ఈడనే ఉంటది" అన్నాను. ఖాజా వెనక సీట్లో గట్టిగా దగ్గాడు.

తూప్రాన్‌లో డ్రమ్ము దింపుకుని కిటికీ దగ్గరకొచ్చాడు. "అక్కా, వచ్చే పెండ్లికి గుడ రా. కాని పాటలు నువ్వు పంచకు." బస్సు కదిలింది.

డ్రమ్ము ఖాళీచేసిన చోట, మెదక్‌లో నాతోపాటే ఎక్కిన ఒక పెళ్లి చుట్టం వచ్చి కూర్చుంది. ఒళ్లో పసుపుకుంకుమల పొట్లం. మెదక్ చూడదగ్గ ఊరేనా అని అడిగేవారికి చర్చి, కోట, దారిలో బజ్జీలు అని చెబుతాను. అక్కడ ఏదైనా పెళ్లి జరుగుతుంటే మాత్రం గడప దగ్గర నిలబడండి, చౌరస్తాలో కాదు.

మేడ్చల్ దగ్గర పడుతుండగా ఆమె కళ్లు మూసుకుని కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. ఆ పాటే, అట్లాగే మెల్లగా. ఆ పాట అసలు నడక అది కాదమ్మా, మూడింతలు వేగం అని చెప్పబోయి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.