కూర్చోని ఆవిడ

కొలరాడోలో కొండ ఎక్కి దిగే పరుగుపందేనికి మమ్మల్ని తీసుకెళ్తున్న బస్సులో నా పక్కన అరవై ఏళ్ల తెలుగావిడ కూర్చున్నారు. నాకిది మొదటిసారి, ఆవిడకి మూడోసారి. రెండుసార్లూ శిఖరం దాకా వెళ్లలేకపోయారట.

"పైన గాలి అందదు బాబూ. కడుపులో తిప్పితే కూర్చున్నాను, ఇంక లేవలేకపోయాను. ఈసారి కూర్చోను," అన్నారు.

చెట్లు అయిపోయి రాళ్లు మొదలైన చోట నాకు ఊపిరాడలేదు. ఒక బండ మీద కూలబడి, వెనక్కి వెళ్లిపోదామని నిశ్చయించుకున్నాను. కాసేపటికి ఆవిడ మెల్లగా ఎక్కి వచ్చారు. నా ముందే వంగి వాంతి చేసుకున్నారు.

పక్కకి జరిగి, "కాసేపు కూర్చోండి," అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపి, మోకాళ్ల మీద చేతులు ఆనించి నిలబడ్డారు. నోరు పుక్కిలించి, "పందెం గడువుకి ఇంకా టైమ్ ఉంది. పది అడుగులు వేద్దాం, లే," అన్నారు.

లేచాను. పది అడుగులయ్యాక ఆవిడ మళ్లీ పది అన్నారు. అలా ఎన్ని పదులు వేశామో తెలియదు. శిఖరం మీద వాలంటీరు మా ఇద్దరి చొక్కాల మీది పందెం నంబర్లూ రాసుకున్నాడు. ఫోటో తీస్తానని నేను ఫోన్ బయటికి తీశాను.

"ఇంకా దిగాలి కదా," అని ఆవిడ పరుగు అందుకున్నారు. నేనూ ఆవిడ వెనకే పరుగెత్తాను.