రుచి చూసే వేలు

పాలు పితకడం అయ్యాక పెద్దింటమ్మ చూపుడువేలు నురగలో ముంచుతుంది. నాలుకకు రాసుకుంటుంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంటుంది. తర్వాతే పక్కింటి గాయత్రి గిన్నెలో పోస్తుంది.

ముప్పై ఏళ్లుగా ఇదే. కొల్లేటి గట్టు మీద ఎప్పుడూ ఒక్క గేదెనే పెంచింది. పాలు ఉప్పగా తగిలితే పొదుగులో తేడా. చేదుగా ఉంటే మేతలో తేడా. అంతా ఆ వేలే చెప్పేది.

“నీ వేలికి తెలిసినంత ఆ డెయిరీ మిషనుకేం తెలుసే పెద్దింటమ్మా,” అనేది గాయత్రి అత్తగారు వెంకటనరసమ్మ. “పోయేముందు ఆ వేలు మా ఇంట్లో ఇచ్చి పోవే.”

“అలాగేనండి. గేదె కూడా మీకే. పేడ ఎత్తుకుందురుగాని.”

పాలు పోశాక పెద్దింటమ్మ చేపల చెరువు పనికి పోతుంది. వల లాగినప్పుడు చేపలు ఏరి ట్రేల్లో వేయాలి. మే నెలలో ఒకరోజు జెల్ల చేప ముల్లు చూపుడువేలికి గుచ్చుకుంది. మూడో రోజుకు వేలు ఉబ్బింది. నాలుగో రోజు చీము తెల్లగా కనబడింది. పసుపు అద్దింది. చేతులు కడుక్కుని పాలు పితికింది. పితికాక, ఎప్పటిలాగే, ముంచింది.

ఆ రోజు కరెంటు లేదు. ఫ్రిజ్ పనిచేయక గాయత్రి పాలగిన్నె వంటగట్టు మీదే ఉండిపోయింది. మధ్యాహ్నం రెండింటికి మరిగించింది. విరగలేదు. విరగని పాలు మంచివే కదా. పంచదార కలిపి నాలుగేళ్ల కూతురు ఇందుజకు గ్లాసు నిండా ఇచ్చింది.

నాలుగయ్యేసరికి ఇందుజ వాంతి చేసుకుంది. మళ్లీ. మళ్లీ. ఐదోసారికి కడుపులో ఏమీ లేదు. పిల్ల ఏడవడం మానేసింది. గాయత్రికి అప్పుడు భయం వేసింది.

ఆకివీడు ఆస్పత్రికి పోయే ఆటోలో, తోడుగా ఎక్కిన పెద్దింటమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుంది. పాదాలు చల్లగా ఉన్నాయి. రోడ్డుకు రెండు పక్కలా చెరువులు. నీళ్లు కదలడం లేదు.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు.

“ఏం పెట్టారమ్మా?” అంది డాక్టరమ్మ.

“పాలేనండి. మరిగించే ఇచ్చాను,” అంది గాయత్రి.

“ఎప్పుడు పితికినవి?”

“పొద్దున్నవండి.”

“పితికినవాళ్ల చేతికి పుళ్లు, చీము ఏమైనా ఉన్నాయా?”

పెద్దింటమ్మ చెయ్యి అప్పటికే కొంగులో ఉంది. ఎవరూ చూడలేదు. లేవండి అంటే చాలు. నోరు ఆ మాటకు సిద్ధమైంది కూడా. మంచం మీద పిల్ల రెప్పలు సగమే మూసి ఉన్నాయి.

కొంగు తీసి వేలు బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ ఆ వేలిని వెలుతురులోకి తిప్పి చూసింది. “ఈ చీములో క్రిములు పాలలోకి వెళ్లి ఉంటాయి. ఎండ వేడికి గంటలపాటు పెరిగి విషం వదులుతాయి. మరిగిస్తే క్రిములు చస్తాయి. విషం ఉండిపోతుంది.”

“రుచి మారలేదండి. నేను చూశానండి.”

“దానికి రుచి ఉండదమ్మా.”

గాయత్రి కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంది.

రాత్రికి ఇందుజ నీళ్లడిగింది. తాగింది. అందరూ పిల్ల నోటివైపే చూస్తూ కూర్చున్నారు. నీళ్లు లోపలే నిలిచాయి. ఇక పర్వాలేదంది డాక్టరమ్మ. పెద్దింటమ్మ వేలి మీది పుండు కోసి, చీము తీసి, కట్టు కట్టింది.

తిరిగి వస్తూ పెద్దింటమ్మ ఆ వేలు ముంచి పోసిన గిన్నెలన్నీ తలచుకుంది. ఏ ఇంట్లో ఏ పిల్లకు ఎప్పుడు జబ్బు చేసిందో గుర్తు చేసుకోబోయింది. గుర్తురానివే ఎక్కువ.

మర్నాడు పొద్దున తన కోడలు బేబీరాణి చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగించి, గేదె దగ్గర కూర్చోబెట్టింది. తను దూడ తాడు పట్టుకుని ఎడంగా నిలబడింది.

పితకడం అయ్యింది. “రుచి చూడండి అత్తయ్యా,” అంటూ బేబీరాణి తపేలా ముందుకు పట్టింది.

కట్టు కట్టిన వేలు దానంతటదే లేచింది. పెద్దింటమ్మ రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది.

“మూత పెట్టవే,” అంది.