రొయ్యల కారం ఘాటు

కెనడాలోని బర్నబీలో అద్దెగదులు దొరక్క విద్యార్థులు అల్లాడుతున్న ఆ ఏడాది, కమలకుమారి గారు తమ ఇంట్లో ఒక గదిని మెలాతి అనే ఇండోనేషియా అమ్మాయికి ఇచ్చారు. కమలకుమారి గారు రిటైరైన డాక్టరు. కోవిడ్ తగ్గి చాలాకాలమైనా ఆమెకు వాసనలు తెలిసేవి కావు. పాలు పొంగి మాడిపోయినా పసిగట్టలేకపోయేవారు. దాంతో భయపడి, ఆదివారాలు తెలుగు విద్యార్థులకు వండిపెట్టడం మానేశారు. "ఇక ఇంతేలెండి," అని భర్త వీరరాఘవులు గారితో అనేవారు.

ఒక సాయంత్రం మెలాతి సంబల్ చేసుకుంటోంది. అది ఎండుమిర్చి, రొయ్యల ముద్ద కలిపి నూరే కారం. ముందుగా ఆ ముద్దను పెనం మీద కాల్చాలి. హాల్లో కూర్చున్న కమలకుమారి గారు ఉలిక్కిపడ్డారు.

"ఏమండీ, ఏమిటీ కంపు?"

"ఎండురొయ్యల వాసన. ఉండు, కిటికీ ఓపెన్ చేయమంటాను," అంటూ లేచిన వీరరాఘవులు గారు అలాగే ఆగిపోయి భార్యవైపు చూశారు. "కమలా! నీకు తెలుస్తోందా?"

ఆమె అప్పటికే వంటింట్లోకి పరుగెత్తారు. మెలాతి కంగారుపడి, "సారీ ఆంటీ!" అంటూ కిటికీ తీయబోయింది.

"నో, నో! డోంట్ ఓపెన్!"

పుట్టి బుద్ధెరిగి రొయ్య ముట్టని ఆ మనిషి పెనం మీదికి వంగి గుండెలనిండా పీల్చారు. దగ్గు, తుమ్ములు, కన్నీళ్లు ఒక్కసారిగా ముంచుకొచ్చాయి. ఏమైందో తెలియని మెలాతిని గట్టిగా కౌగిలించుకున్నారు.

వీరరాఘవులు గారు ఇంగువ డబ్బా మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టారు.

"ఇది కూడా... కొంచెం కొంచెం," అన్నారామె.

"అమ్మయ్య!" అంటూ ఆయన కుర్చీలో కూలబడ్డారు.