మా నెత్తిన కార్టర్ దొర పేరు

మొన్న సుంగై సిపుట్ ఊళ్ళో సిగ్నల్ దగ్గర మా కారు ముందు రబ్బరు షీట్ల లారీ ఆగింది. పొగపట్టిన ఆ పుల్లటి కంపు ముక్కుకు తగలగానే పక్క సీట్లో ఉన్న మా చిన్నత్త అప్పలనరసమ్మ గబగబా అద్దం ఎక్కించేసింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నలభై ఏళ్ళయినా ఆ మంట చల్లారలేదు.

మేం పుట్టి పెరిగిన రబ్బరు తోటను అందరూ కార్టర్ తోట అనేవారు. ఆ ఇంగ్లీషు దొర మా తాత కాలంలోనే ఓడెక్కి పోయాడు, పేరు మాత్రం మా నెత్తిన పెట్టి పోయాడు. తెల్లవారకముందే గంట మోగడం, ఆడవాళ్ళు రబ్బరు పాల మరకలు గట్టిపడిన పాత చొక్కాలు చీరల మీద తొడుక్కుని చెట్లు గీయడానికి వెళ్ళడం, ఎండ ముదిరిన రోజుల్లో కాయలు టప్పుమని పగిలి గింజలు రాలితే మేం వాటిని సిమెంటు గట్టు మీద గీకి గీకి వేడెక్కించి ఒకరికొకరం చురకలు పెట్టుకోవడం, ఉగాదికి చిన్నత్త కొబ్బరి బూరెలు వండుతుంటే పొయ్యి దగ్గరే కాచుకుని నోరు కాల్చుకోవడం, అన్నీ ఆ పేరు కిందే జరిగాయి. బడిలోనూ ఆస్పత్రిలోనూ మేం కార్టరోళ్ళమే. పుట్టిన కాగితాల్లో ఫలానావాడి కొడుకు, ఫలానావాడి కూతురు అని రాయడానికే చోటుండేది. ఇంటిపేరు ఎవరూ అడగలేదు. తెలుగు నేల నుంచి ఓడలో ఈ దేశానికి కూలీగా వచ్చిన మా తాత అది చెప్పకుండానే పోయాడు, మా నాన్నకు అడగాలని తోచలేదు.

ఒక ఏడు ఉగాది వెళ్ళిన వారానికి పోర్ట్ క్లాంగ్ రేవు నుంచి చిన్నత్తకు పెళ్ళిచూపులకు వచ్చారు. అబ్బాయికి అక్కడ గోదాములో పని. వాళ్ళూ ఒకప్పుడు మా తోటవాళ్ళే. అతను అత్తకు నచ్చాడు. బూరెల పళ్ళెం తెస్తూ నవ్వు దాచుకోలేక పెదవి కొరుక్కోవడం నేను చూశాను. వాళ్ళతో వచ్చిన కులపెద్ద బూరె నములుతూ నాన్నను అడిగాడు.

"మీ ఇంటిపేరేటి బాబూ?"

తొమ్మిదేళ్ళ నేను ఎగిరి చెప్పాను, "కార్టర్!"

"అది దొర పేరే పిల్లా," అని నాన్న నవ్వాడు.

"మరి మీదేటి?"

"తెల్దు," అన్నాడు నాన్న నవ్వు ఆపి. పెద్దమనిషి పెళ్ళికొడుకు తండ్రి వైపు తిరిగాడు. ఆయనా తెల్దనే అన్నాడు.

"ఇద్దరూ ఒకే తోటోల్లు. ఇద్దరికీ పేరు తెల్దు. రేపు ఒకే ఇంటిపేరోల్లని తేలితే? అన్నాసెల్లెల్లకి పెల్లి సేసినామంటారు. నాను సెయ్యను."

అంతే, సంబంధం పోయింది. కాగితాలు రాసిన గుమాస్తా మీద, అడగని నాన్న మీద, ఎగిరి పడిన నా నోటి మీద నాకిప్పటికీ కోపమే. అందరికన్నా ఆ పెద్దమనిషి మీద! పళ్ళెం ఖాళీ చేసి మరీ లేచాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సంబంధమూ అదే ప్రశ్న దగ్గర ఆగింది. మర్నాడు మామూలుగానే చెట్లు గీయడానికి వెళ్ళిన చిన్నత్త, తోట మూసేదాకా అదే పని చేసింది.

ఇప్పుడు మేం ఉన్న కూలీల లైను ఇళ్ళు లేవు, అక్కడంతా పామాయిలు చెట్లు. గింజలతో చురకలు పెట్టుకునే పిల్లలూ లేరు. ఆ లారీ చూసిన సాయంత్రం ఇపోలోని మా ఇంటికి చేరాక నా సణుగుడు విన్న మా అమ్మాయి ఫోన్‌లో కార్టర్ పేరు వెతికింది. బండి తోలేవాళ్ళకు వచ్చిన పేరట. ఇంగ్లండులో ఏ ఊళ్ళో చూసినా ఉన్నారట. వందల ఏళ్ళుగా చర్చి పుస్తకాల్లో తండ్రి కింద కొడుకు, కొడుకు కింద మనవడు ఆ పేరుతోనే ఉన్నారట.

చిన్నత్త తరుగుతున్న బెండకాయలు పక్కన పెట్టింది.

"బండోడి పేరు అంత బద్రంగా దాసుకున్నారేటి? మన పేరు కూడా అందులో సూడవే."

అమ్మాయి మళ్ళీ ఫోన్ మీద వేలు పెట్టింది.

"ఏటని ఎతకాలి, అమ్మమ్మా?"

అత్త నా వైపు చూసింది. అప్పుడు ఎగిరి చెప్పిన నేను ఇప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.