బండి అలిగిందంతే

కువైట్ సాల్మియాలో నేను వంట చేసిన ఇంటి డ్రైవరు మా కోనసీమ మనిషే. అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఆయన నోట బండి చెడిపోయిందన్న మాటే వచ్చేది కాదు. "అలిగింది చెల్లెమ్మా" అనేవాడు, పెళ్లాం గురించి చెప్పినట్టు.

ఆ ఇంటి పెద్దాయనను అందరం బాబా అనేవాళ్లం. కుర్రతనంలో కొన్న కారును ఓడ మీద పంపించి, యూరప్ అంతా దాంట్లోనే తిరుగుతానని బాబా పట్టుబట్టాడు. దారిలో ఒక్కసారి ఆగిపోయినా, తిరిగొచ్చాక అమ్ఘరా పాతసామాన్ల బజారులో తుక్కు కింద అమ్మేస్తామని కొడుకులు షరతు పెట్టారు. అన్నయ్య తోడు వెళ్లాడు.

స్విట్జర్లాండులో కొండ ఎక్కుతుంటే ఇంజను వేడెక్కి బండి ఆగిపోయిందట. బాబా రోడ్డు పక్కన కూలబడి "ఖలాస్" అన్నాడట.

"ఖలాస్ కాదు బాబా, అలిగిందంతే" అని అన్నయ్య తన తువ్వాలు వాగులో తడిపి ఇంజను పక్కనుండే పెట్రోలు పంపుకి చుట్టాడు. రావులపాలెంలో అంబాసిడర్ టాక్సీ నడిపిన రోజుల్లో నేర్చిన వైద్యం అది. అరగంటకి బండి కదిలింది.

వాళ్లు తిరిగొచ్చిన రోజు నేను కాఫీ అందిస్తుంటే పెద్దకొడుకు అన్నయ్యను నిలదీశాడు.

"నిజం చెప్పు. ఎక్కడైనా ఆగిందా?"

బాబా తల దించుకున్నాడు.

"ఆగింది సార్. మేం టీ తాగిన చోటల్లా ఆగింది."

బాబా టీ ముట్టడని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దకొడుకు తండ్రి ముఖం కాసేపు చూశాడు. కారు తాళాలు తెచ్చి ఆయన చేతిలోనే పెట్టాడు.