వాన గంట

నేను పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి ఏడాది ప్రాజెక్టు అంటే హైదరాబాద్ బస్సెక్కి రెడీమేడ్‌ది కొనుక్కురావడమే. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. అందుకే ఆ ఏడు నా బ్యాచ్‌కి ఒకటే షరతు పెట్టాను. మీరే చెయ్యాలి, బయటివాళ్లెవరైనా దాన్ని వాడాలి.

ఒకమ్మాయి వాన గంట చేసింది. మిల్లు కళ్ళంలో ధాన్యం ఆరబోసి ఉన్నప్పుడు, స్తంభానికి బిగించిన రేకు మీద తొలి చినుకు పడగానే గంట మోగుతుంది, కూలీలు బరకాలు కప్పేస్తారు. మండపేటలో ఒక మిల్లు యజమాని సరేనంటే వెళ్లి బిగించి వచ్చాం. అక్కడ పనిచేస్తే మిగతా మిల్లులకూ చేసి అమ్మాలని ఆ పిల్ల ఆశ. ఎండాకాలం కోసే దాళ్వా ధాన్యం ఆడించడం పూర్తయ్యేదాకా వాళ్ల నాన్నగారు గడువిచ్చారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సుకు పోవాల్సిందే.

ఇక నాకు కుదురు లేదు. రాజమండ్రిలో మబ్బు పడితే చాలు, కాలుకాలిన పిల్లిలా వరండాలో తిరిగేవాణ్ణి. వానలు పడి వెలిశాయి. మిల్లు నుంచి మంచీ లేదు, చెడూ లేదు. ఫోన్ చేస్తే, "బ్రహ్మాండంగా ఉందండి. మీరోసారి భోజనానికి రావాలి" అన్నారు యజమాని. మావాళ్ల మర్యాద నాకు తెలుసు, చెడ్డమాట మొహం మీద చెప్పరు. భోజనం మాట వినగానే భయం రెట్టింపయింది.

ఆగలేక ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని బస్సెక్కాను.

కళ్ళంలో మండుటెండ. గంట గోడకే ఉంది గానీ, స్తంభం మీద రేకు లేదు. తీగ కిటికీలోంచి ఆఫీసు గదిలోకి పోయింది. అక్కడ దేవుడి పటాల పక్కన, పసుపు కుంకుమలతో, పూలదండతో కొలువుంది మా రేకు.

"కొత్త మిషను కదండి. వానలో తడిస్తే పాడైపోదూ? మొదటి మబ్బు చూడగానే లోపల పెట్టించేశాను" అన్నారాయన, కాఫీలు అందిస్తూ.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం తన్నుకొచ్చింది. నేను నోరు తెరిచేలోగా ఆ అమ్మాయి కాఫీ పక్కన పెట్టి, మంచినీళ్ల గ్లాసు తీసి రేకు మీద కుమ్మరించింది.

బయట గంట గణగణా మోగింది. గంట మోగితే ఉన్నపళంగా లేవాలని బిగించిన రోజు ఆ పిల్ల చెప్పినట్టే, చద్దన్నాలు వదిలేసి మరీ కూలీలు లేచారు. ఆకాశంకేసి చూసినవాళ్లు లేరు. చిటచిటలాడే ఎండలో బరకాలు లాక్కుంటూ పరిగెత్తి కళ్ళమంతా కప్పేశారు.

యజమాని కిటికీ దగ్గరే నిలబడి అంతా చూశారు. వెనక్కి వచ్చి, దండ తీసి పక్కన పెట్టి, "నిచ్చెన తెండర్రా" అని కేకేశారు.

దాళ్వా ధాన్యం ఇంకా సగం బయటే ఉంది, ఆ పిల్ల గడువూ మిగిలే ఉంది. చల్లారిపోయిన కాఫీని ఆ అమ్మాయి అప్పుడు తాగింది. నేను బయటికొచ్చి, ఎక్కడైనా ఒక్క మబ్బు ఉందేమోనని వెతికాను.